తొలి బండి ఎంచుకోవడం ఎలా: నెల్లూరు, ఒంగోలు దారుల్లో కొత్తగా నడిపేవాళ్లకు

కొత్తగా బండి కొనేవాళ్లు ఎక్కువమంది మొదట రంగు చూస్తారు, తర్వాత సీసీ అడుగుతారు, ఆఖర్న ఈఎంఐ లెక్క వేసుకుంటారు. కాలు నేలకు ఆనుతుందా, ఆగిన బండి పక్కకు ఒరిగితే పట్టుకోగలమా అన్న సంగతి బండి ఇంటికొచ్చాక గానీ తెలియదు. ఈ వరసను తిరగెయ్యాలి. మొదటి మూడు నాలుగు వేల కిలోమీటర్లూ నేర్చుకునే కాలం. అప్పుడు క్లచ్చు ఒక్కసారిగా వదిలేస్తారు, మలుపులో బ్రేకు పట్టేస్తారు, ఇసక కనపడగానే చేతులు బిగుసుకుపోతాయి. ఇవి అందరూ చేసే తప్పులే. ఆ తప్పుకు ఇంజను ఆగిపోయి ఊరుకునే బండి కావాలి గానీ, ఎగిరి దూకే బండి కాదు.

ముందు మీ దారి రాసుకోండి

షోరూముకు వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని వారంలో ఎక్కడెక్కడికి తిరుగుతారో రాయండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, అందులో ఊళ్లో ఎంత, హైవే మీద ఎంత, మట్టిదారి ఎంత, వెనక ఎవరైనా కూర్చుంటారా, సామాను ఉంటుందా. ఏడాదికోసారి సావాసగాళ్లతో వెళ్లే ట్రిప్పును ఈ లెక్కలోకి తీసుకోవద్దు. ఆ ఒక్కరోజు కోసం మిగతా రోజులన్నీ బరువైన బండిని రద్దీలో ఈడ్చుకు తిరగాల్సి వస్తుంది.

ఊళ్లోనే తిరిగేవాళ్లది తేలిక లెక్క. నెల్లూరులో గాంధీబొమ్మ, వీఆర్‌సీ సెంటర్, ఆత్మకూరు బస్టాండు. ఒంగోలులో ట్రంకు రోడ్డు, అద్దంకి బస్టాండు, కర్నూలు రోడ్డు. ఇక్కడ 40 దాటే సందర్భమే తక్కువ. పనంతా ఒకటో గేరు, రెండో గేరు, ఎడమచేతి క్లచ్చు. కాబట్టి క్లచ్చు మెత్తగా ఉండాలి, బండి చిన్న చోట తిరగాలి, కాళ్లు దించి తోసుకుంటూ పోవడానికి వీలుండాలి. 100, 110, 125 సీసీ బళ్లు దీనికోసం చేసినవే. ఊరు దాటే పనే లేనివాళ్లకు గేర్లు లేని స్కూటరే మేలు, మొహమాటం అక్కర్లేదు.

కావలి నుంచి నెల్లూరుకో, సింగరాయకొండ నుంచి ఒంగోలుకో రోజూ 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లివచ్చేవాళ్లు వేరేగా ఆలోచించాలి. 100 సీసీ బండి 75, 80 అందుకుంటుంది గానీ, అక్కడికి వచ్చేసరికి ఇంజనులో ఇంకేమీ మిగలదు. పక్కనుంచి కంటెయినర్ లారీ దాటేటప్పుడు గాలి ముందు బయటికి నెడుతుంది, లారీ పోగానే లోపలికి లాగుతుంది. ఆ క్షణాన కాస్త వేగం పెంచుకోవడానికి గానీ, ముందున్న ట్రాక్టరును తొందరగా దాటడానికి గానీ శక్తి మిగిలి ఉండాలి. రోజూ హైవే తప్పనివాళ్లు ఐదు గేర్ల 125 నుంచి 160 సీసీ దాకా చూడొచ్చు. కొన్నాక మొదటి రెండు నెలలు మాత్రం హైవే ఎక్కకుండా సర్వీసు రోడ్లు, ఊరి దారులతో సరిపెట్టుకోండి.

ఇందుకూరుపేట, విడవలూరు, కోవూరు వైపు కయ్యల మధ్య తిరిగేవాళ్లకు రోడ్డే పరీక్ష పెడుతుంది. దమ్ము చేసిన ట్రాక్టరు రోడ్డెక్కితే తారు మీద మట్టిపెళ్లలు పడతాయి. వాటి మీద నాలుగు చినుకులు పడితే సబ్బు రాసినట్టే. కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. ఆ వడ్ల మీద ముందు బ్రేకు పట్టారో, చక్రం పూసల మీద పడ్డట్టు పక్కకు జారిపోతుంది. వడ్లు కనపడగానే ముందే వేగం తగ్గించి, హ్యాండిల్ తిన్నగా పెట్టి, బ్రేకు ముట్టుకోకుండా దాటాలి. ఈ దారుల్లో తేలికపాటి బండి మనల్ని కాపాడుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో చైనూ, స్పోకులూ, సైలెన్సరూ తొందరగా తుప్పు పడతాయి. అక్కడ అల్లాయ్ చక్రాలు, చైను మీద పూర్తి కవరు ఉన్న బండి చూసుకోండి, వారానికోసారి మంచినీళ్లతో కడగండి.

పడమటి మెట్టప్రాంతం, అంటే ఉదయగిరి, పామూరు, కనిగిరి, పొదిలి వైపు, రాళ్లదారులు ఎక్కువ. బండి పొట్టకూ నేలకూ మధ్య ఎడం చూడాలి. స్ప్లెండర్ ప్లస్‌కు ఇది 165 మిల్లీమీటర్లు, ప్లాటినా 100కు 200. ఇద్దరు కూర్చుని, వెనక ఎరువు బస్తా పెట్టుకుంటే అందులో రెండు మూడు సెంటీమీటర్లు తగ్గిపోతుంది. చీమకుర్తి మీదుగా తిరిగేవాళ్లు గ్రానైట్ లారీల నుంచి రాలే రాతిముక్కలకు సిద్ధంగా ఉండాలి. ట్యూబ్‌లెస్ టైర్లయితే మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది. ట్యూబు టైరు ఒక్కసారిగా కూలబడుతుంది, కొత్తవాళ్లు పడిపోయేది అప్పుడే. ఇంకో మాట, మీ మండల కేంద్రంలోని మెకానిక్ షెడ్డుకు వెళ్లి "ఈ బండికి క్లచ్చు ప్లేట్లు, కేబుళ్లు ఇక్కడ దొరుకుతాయా" అని అడగండి. రేపు తెప్పిస్తానంటే సరే. నెల్లూరు పోవాలన్నాడంటే ఆ బండి మీకు కాదు.

కూర్చుని చూడండి, తోసి చూడండి

మొత్తం ఎంపికలో పెద్ద పని ఇదే. కనీసం అరగంట పెట్టుకోండి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్లండి. ఎత్తు మడమలు వేసుకుంటే రెండు సెంటీమీటర్లు మోసపోతారు.

బండిని స్టాండు మీదనుంచి దించి నిటారుగా పెట్టి కూర్చోండి. రెండు పాదాల ముందుభాగాలూ ఒకేసారి నేలను గట్టిగా తాకాలి. ఒక పక్కకు కాస్త జరిగితే ఎడమపాదం మడమతో సహా పూర్తిగా ఆనాలి. కాలి వేళ్ల కొనలు మాత్రమే తగులుతుంటే ఆ బండి వదిలెయ్యండి. షోరూము గచ్చు చదునుగా ఉంటుంది, బయట రోడ్డు అంచు నాలుగు అంగుళాలు దిగి ఉంటుంది. కాలు పెట్టిన చోట నేల లేకపోతే బండి అటే పోతుంది.

సీటు ఎత్తు అంకె చూసుకోండి గానీ దాన్నే నమ్ముకోవద్దు. టీవీఎస్ రైడర్ 125కు 780 మిల్లీమీటర్లు, స్ప్లెండర్ ప్లస్‌కు 785, షైన్ 100కు 786, షైన్ 125కు 791, హంటర్ 350కి 790, క్లాసిక్ 350కి 805, ప్లాటినా 100కు 807, డ్యూక్ 200కు 822, ఎక్స్‌పల్స్ 200కు 825. షైన్‌కూ హంటర్‌కూ ఎత్తు ఒకటే అనిపిస్తుంది. కానీ హంటర్ సీటు వెడల్పు, తొడలు పక్కలకు తెరుచుకుంటాయి, ఆ మేరకు కాలు పొట్టిదవుతుంది. ఐదడుగులకు అటూ ఇటూ ఎత్తున్నవాళ్లు, ముఖ్యంగా గేర్ల బండి నేర్చుకోవాలనుకునే అమ్మాయిలు, అంకె కన్నా సీటు ముందుభాగం ఎంత సన్నగా ఉందో చూడాలి.

ఇప్పుడు బరువు. షైన్ 100 బరువు 99 కిలోలు, స్ప్లెండర్ 112, రైడర్ 123, హంటర్ 181, క్లాసిక్ 195. నిటారుగా ఉన్నప్పుడు 195 కిలోలు కూడా చేతికి తెలియదు, బరువంతా చక్రాలు మోస్తాయి. అందుకే ఒక పని చెయ్యండి. సేల్స్ కుర్రాణ్ణి అవతలి పక్క నిలబెట్టి, మీరు బండి మీద కూర్చుని ఎడమకు మెల్లగా ఒంచండి. కొద్దిగా ఒంచేదాకా ఏమీ తెలియదు. ఇంకొంచెం ఒంగేసరికి తొడ కండరం బిగుస్తుంది. ఇంకో బెత్తెడు ఒంచితే బరువు ఒక్కసారిగా మీద పడుతుంది. అక్కడనుంచి మళ్లీ నిటారుగా లేపగలిగారా? లేపగలిగితే ఆ బండి బరువు మీ ఒంటికి సరిపోయినట్టే. లేపలేకపోతే రోడ్డు మీద యూ టర్ను కొడుతూ ఇంజను ఆగిపోయినప్పుడూ లేపలేరు.

తర్వాత దిగి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండిల్ పట్టుకుని పది అడుగులు వెనక్కి తొయ్యండి. సెంటర్ స్టాండు ఉంటే మీరే వెయ్యండి. చేతులతో లాగడం కాదు, స్టాండు మీద కాలు పెట్టి ఒంటి బరువు దానిమీద వేస్తే బండి దానంతటదే లేస్తుంది. అలా కూడా లేవకపోతే మీ ఇంటి వసారాలోకి ఆ బండి రోజూ ఎక్కించడం ఎంత కష్టమో అప్పుడే అర్థమవుతుంది.

క్లచ్చు లీవరును రెండు వేళ్లతో ఇరవైసార్లు వరసగా నొక్కండి. మణికట్టు నొప్పి పుడితే ట్రంకు రోడ్డు సాయంత్రం రద్దీలో మీ పని అయిపోయినట్టే.

సీసీ కాదు, పీఎస్ చూడండి

పీఎస్ అంటే ఇంజను శక్తి కొలత, దాదాపు హార్స్‌పవర్ లాంటిదే. 100 సీసీ బండి సుమారు 8 పీఎస్ శక్తి ఇస్తుంది. 125 సీసీ దాదాపు 11. పల్సర్ 150 సుమారు 14. డ్యూక్ 200, ఎన్ఎస్ 200 లాంటివి 25 దగ్గర. బండి బరువు ఒకటిన్నర రెట్లకు అటూ ఇటూ అయింది, శక్తి మాత్రం మూడింతలయింది. తేడా మామూలుగా నడిపేటప్పుడు తెలియదు. గుంటలో చక్రం పడి చెయ్యి అదిరి యాక్సిలేటర్ తిరిగిపోయినప్పుడు తెలుస్తుంది. 8 పీఎస్ బండి గుర్రుమని ఊరుకుంటుంది. 25 పీఎస్ బండి ముందున్న ఆటోను గుద్దుకునేదాకా ఆగదు.

నా తీర్పు సూటిగా చెప్తాను. ఊళ్లో, పల్లెదారుల్లో నేర్చుకునేవాళ్లకు 100 నుంచి 125 సీసీ. రోజూ హైవే ఉన్నవాళ్లకు, ఐదున్నర అడుగులు దాటినవాళ్లకు 150 లేక 160 దాకా సరే. 200 సీసీ స్పోర్ట్స్ బళ్లు, ఒంగి కూర్చునే ఆర్15 లాంటివి తొలి బండిగా వద్దు. వాటి మీద బరువు మణికట్ల మీద పడుతుంది, మెల్లగా నడిపేటప్పుడు హ్యాండిల్ తిరగదు. ఎచ్చులకు పోయి కొని, మూడు నెలల్లో లీవర్లు విరగ్గొట్టుకున్న బళ్లు షెడ్లలో వరసగా కనపడతాయి.

బుల్లెట్ మీద మనసున్నవాళ్లు ఈ జిల్లాల్లో తక్కువేం లేరు. ఆ బండి శక్తి సుమారు 20 హార్స్‌పవరే, ఇంజను నిదానమే, దూకదు. దాని కష్టం బరువులోనే ఉంది. ఆ ముచ్చట తీర్చుకోండి, కాకపోతే రెండో బండిగా.

గేర్ల వరస కూడా అడిగి తెలుసుకోండి. కొన్ని నాలుగు గేర్ల బళ్లలో అన్ని గేర్లూ ముందుకే పడతాయి. ఐదు గేర్ల బళ్లలో మామూలుగా ఒకటి కిందికి, మిగతావి పైకి. ఇంట్లో ఇప్పటికే ఒక బండి ఉంటే అదే వరస ఉన్నది తీసుకుంటే కాలికి తికమక ఉండదు.

బ్రేకులు, టైర్లు

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్, 125 దాకా ఉన్నవాటికి కనీసం సీబీఎస్ ఉండాలన్నది నిబంధన. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును క్షణక్షణం వదిలి పడుతుంది. సీబీఎస్ ఆ పని చెయ్యదు. వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకును కూడా కొంత లాగుతుంది, అంతే. ముందు చక్రం జారిపోకుండా కాపాడేది ఏబీఎస్ ఒక్కటే. ఇసక, వడ్లు, తడిమట్టి ఉన్న దారుల్లో తిరిగే కొత్తవాళ్లకు, డబ్బు సరిపోతే, ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న 150 సీసీ బండి మీద పెట్టే అదనపు ఖర్చు దండగ కాదు. అలాగని ఏబీఎస్ కోసం కాలు ఆనని బండి కొనొద్దు.

బండి ఆగే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. బ్రేకు పడగానే బరువంతా ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. "ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతావు" అని పెద్దవాళ్లు భయపెడుతుంటారు. ఆ మాట విని వెనక బ్రేకుతోనే నడిపినవాళ్లకు అవసరం పడినరోజు బండి ఆగదు. రెండూ కలిపి, ముందుదాన్ని మెల్లగా పిండుతూ పట్టడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి.

60 వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వచ్చిందని మీ మనసుకు తట్టి చెయ్యి లీవరు మీదికి వెళ్లేసరికే ఆ సెకను అయిపోతుంది.

టెస్ట్ రైడ్‌లో ఏం చెయ్యాలి

లెర్నర్ లైసెన్సు, మనవాళ్లు ఎల్ఎల్ఆర్ అంటారు, చేతిలో లేకుండా టెస్ట్ రైడ్‌కు దిగొద్దు. మీకు ఇంకా నడపడం రాకపోతే లైసెన్సున్న మనిషిని వెంట తీసుకెళ్లి, ఆయన్ను నడపమని, మీరు మిగతావన్నీ గమనించండి. నడపగలిగితే వేగం చూడొద్దు. అది అందరూ చూసేదే. నడక వేగంలో, సగం క్లచ్చు మీద, కాళ్లు దించకుండా ఇరవై అడుగులు పోగలరా చూడండి. ఇరవై అడుగుల రోడ్డులో యూ టర్ను ఒక్క పట్టున తిరుగుతుందా చూడండి. రెండో గేరులో 15 వేగంలో ఇంజను కుదుపుతుందా, సాఫీగా లాగుతుందా వినండి. స్పీడ్ బ్రేకరు మీద వెళ్లినప్పుడు హ్యాండిల్ చేతుల్ని కొడుతుందా గమనించండి. అద్దాల్లో మీ మోచేతులు తప్ప వెనక రోడ్డు కనపడకపోతే అది కూడా లోపమే. వీలుంటే వెనక రోజూ కూర్చునే మనిషిని కూడా కూర్చోబెట్టి చూడండి. ఎల్ఎల్ఆర్ మీద నేర్పేవాళ్లను తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు కాబట్టి ఆ పని లైసెన్సున్న మనిషికి వదలండి.

పాత బండి కొనేవాళ్లకు

నేర్చుకోవడానికి పాత బండి మంచి ఆలోచన. కిందపడ్డా గీత పడిందన్న బాధ ఉండదు. కాకపోతే చూడ్డం రావాలి.

అమ్మే మనిషికి ముందే ఫోనులో చెప్పండి, "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు" అని. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే స్టార్టింగ్ కష్టాన్ని దాచిపెట్టారని అనుమానించొచ్చు. ఇంకో గంట ఆగి చూడండి. చల్లటి ఇంజనును స్టార్ట్ చేయించి సైలెన్సరు దగ్గర నిలబడండి. నీలం రంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు కాలుతోంది. పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగాయి, ఇంజను విప్పే పని తప్పదు. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. పొద్దున్నే కనపడి నిమిషంలో పోయే తెల్లటి ఆవిరికి భయపడక్కర్లేదు.

వెనక పళ్లచక్రం చూడండి. పళ్లు కొడవలి కొనల్లా ఒకవైపుకు వంగి ఉంటే చైనూ, ముందూ వెనకా రెండు పళ్లచక్రాలూ సెట్టుగా మార్చాలి. చైనును వెనక పళ్లచక్రం చివర పట్టి బయటికి లాగండి, పన్ను సగం కనపడేంత లేస్తే అదే అర్థం. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను కిందికి రెండు మూడుసార్లు నొక్కి వదలండి. ఫోర్కు గొట్టం మీద ఆయిలు గీత కనపడితే సీళ్లు పోయాయి. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను వేలితో మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగులు, పోయింది. అలాంటి బండి తిన్నగా పోవాలంటే మీరు దాంతో కుస్తీ పట్టాలి.

హ్యాండిల్ చివర్లు, లీవర్ల కొనలు, ఫుట్‌రెస్టు అంచులు చూడండి. ఒకే పక్క అన్నీ గీరుకుపోయి ఉంటే గట్టిగా పడిన బండి. పది అడుగులు వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని చూడండి, రెండు చక్రాలూ ఒకే వరసలో ఉండాలి. లేకపోతే ఛాసిస్ వంగింది. ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైనది. గాడులు లోతుగా ఉన్నా ఐదారేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడి తడిరోడ్డు మీద పట్టు ఇవ్వదు.

కాగితాల పని. నంబరు ప్లేటు మీద ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 27 అంటే ప్రకాశం రిజిస్ట్రేషను. 2019 ఆరంభం నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. కాబట్టి 26, 27 నంబరు బండిని "నాలుగేళ్ల బండి" అంటే నమ్మొద్దు. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును హ్యాండిల్ మెడ దగ్గర చెక్కిన నంబరుతో మీరే ఒక్కో అంకె సరిచూడండి. ఫైనాన్స్ ఉంటే, దాన్ని తీర్చినట్టు ఫైనాన్స్ వాళ్ల నుంచి ఎన్‌ఓసీ, ఆర్‌సీలో వాళ్ల పేరు తీయించే ఫారం 35 కావాలి. పరివాహన్ సైటులో చలానాలు బాకీ ఉన్నాయేమో చూడండి. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకోకుండా మొత్తం డబ్బు ఇవ్వొద్దు. కొన్న 14 రోజుల్లో బీమా పేరు మార్పుకు, 30 రోజుల్లో ఆర్‌సీ పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. పేరు మారకుండా ఏదైనా ప్రమాదం జరిగితే ఇద్దరూ కోర్టుల చుట్టూ తిరుగుతారు.

డబ్బు లెక్క

షోరూములో ఎక్స్‌షోరూం ధర వినొద్దు, ఆన్‌రోడ్ కాగితం మీద వరసగా రాయించుకోండి: బండి ధర, లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను, బీమా, ఎక్స్‌ట్రా ఫిట్టింగులు. ముఖ్యంగా ఆఖరిదాన్ని తగ్గించుకోవచ్చు. ఫిట్టింగుల్లో లెగ్ గార్డు, చీర గార్డు ఉంచుకోండి. చీర, చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. మిగతా స్టిక్కర్లు, సీటు కవర్లు వద్దనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత కొటేషను పట్టుకుని బేరం చెయ్యొద్దు.

వడ్డీ విషయంలో జాగ్రత్త. "పది శాతం ఫ్లాట్" అంటారు. 80 వేల అప్పు, మూడేళ్లు అనుకుంటే వడ్డీ 24 వేలు, నెలకు సుమారు 2,890 రూపాయలు. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం 80 వేల మీదే ఆఖరిదాకా పడుతుంది. నిజానికి అది ఏడాదికి దాదాపు 18 శాతం, అంటే నూటికి రూపాయిన్నర వడ్డీ. బ్యాంకులో తగ్గే బాకీ మీద ఎంత వేస్తారో అడిగి, ఈ రూపాయిన్నరతో పోల్చుకోండి.

మైలేజీని కూడా రూపాయల్లోకి మార్చి చూడండి. నెలకు 900 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు లీటరుకు 60 ఇచ్చే బండి 15 లీటర్లు తాగితే, 35 ఇచ్చేది దాదాపు 26 లీటర్లు తాగుతుంది. లీటరు 110 లెక్కన నెలకు సుమారు 1,200 రూపాయల తేడా.

కొత్త బండికి మూడో మనిషి బీమా (థర్డ్ పార్టీ) ఐదేళ్లకు కలిపి కట్టించుకుంటారు, సొంత బండి నష్టానికి బీమా మామూలుగా ఏడాదికే. మొదటి ఏడాది నిల్ డిప్రిసియేషన్ పాలసీ తీసుకోండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు ముక్కలకు సగం డబ్బే ఇస్తారు, కొత్తవాళ్లు పగలగొట్టేది ఎక్కువగా అవే. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న మనిషికి, అదీ లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. బండి నాన్న పేరు మీద ఉండి కొడుకు నడిపితే కొడుకుకు అది పనికిరాదు. వయసు చాలితే నడిపే మనిషి పేరు మీదే కొనండి. గేర్ల బండికి లైసెన్సు రావాలంటే 18 ఏళ్లు నిండాలి. పిల్లవాడికి బండి ఇచ్చి రోడ్డెక్కిస్తే పెద్దవాళ్లకు మూడేళ్లదాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు అని చట్టంలోనే ఉంది.

హెల్మెట్ డబ్బు ముందే తీసి పక్కన పెట్టి, మిగిలినదాంతో బండి చూడండి. ఐఎస్ఐ గుర్తుతోపాటు ఐఎస్ 4151 అని ఉండాలి. పెట్టుకుని పట్టీ బిగించి, చుబుకం దగ్గర పట్టి పక్కలకు తిప్పితే బుగ్గల చర్మం కూడా దాంతోపాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు. వెనకనుంచి పైకి లాగితే ఊడిరాకూడదు. మే నెలలో నెల్లూరు ఎండకు హెల్మెట్ పెట్టలేమంటారు. గాలి కంతలున్న తేలికపాటిది, లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునేది కొనుక్కుంటే పెట్టుకోబుద్ధవుతుంది.

బండి చేతికొచ్చే రోజు

ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే లైసెన్సు పరీక్షకు వెళ్లొచ్చు, ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ఆ నెల రోజులూ ముందూ వెనకా తెల్లపలక మీద ఎర్రటి ఎల్ అక్షరం, పక్కన లైసెన్సున్న మనిషి, ఖాళీ మైదానం.

డెలివరీకి పగటిపూట వెళ్లండి. ఇన్‌వాయిసులో ఛాసిస్, ఇంజను నంబర్లు బండి మీదవాటితో సరిచూడండి. టైర్లు తయారైన వారం చూడండి. టైర్ల గాలి చైను కవరు దగ్గర స్టిక్కరు మీద రాసినట్టే పెట్టించండి. డెలివరీ హడావుడిలో గాలి ఎక్కువ కొట్టి వదిలేస్తుంటారు. కొత్త టైరు పైన నునుపు ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో ఒంచొద్దు, బ్రేకులు గట్టిగా కొట్టొద్దు. మొదటి 500 కిలోమీటర్లు 50 దాటకుండా, ఒకే వేగంలో ఎక్కువసేపు నడపకుండా చూసుకోండి. మొదటి సర్వీసు పుస్తకంలో ఉన్నట్టు, సాధారణంగా 500 నుంచి 750 కిలోమీటర్ల మధ్య, ఆయిలు మార్పించండి. కొత్త ఇంజనులో రాపిడికి రాలిన లోహపు పొడి ఆ ఆయిల్లోనే తిరుగుతుంటుంది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షను బళ్లలో పెట్రోలు పంపు ట్యాంకులోని పెట్రోలుతోనే చల్లబడుతుంది. కాబట్టి రెండు లీటర్లు ఎప్పుడూ ఉంచండి.

బయల్దేరేముందు షోరూము మెకానిక్‌ను పిలిచి బండి మీద కూర్చోండి. చేతివేళ్లు చాపితే మోచెయ్యీ, మణికట్టూ, లీవర్లూ ఒకే గీతలో ఉండేట్టు లీవర్లను కిందికి తిప్పించుకోండి. క్లచ్చు లీవరు కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. వెనక బ్రేకు పెడలు మీ పాదానికి అందేట్టు దించించుకోండి. అద్దాలు రెండూ మీ ఎత్తుకు సర్దించుకోండి. పది నిమిషాల పని, స్పానరు ఒకటి చాలు, డబ్బు అడగరు. ఫ్యాక్టరీ బిగించి పంపింది ఎవరో సగటు మనిషి చేతికి, మీ చేతికి కాదు.